ఓటప్పుడు గుర్తొచ్చే భాష, తర్వాత గుర్తుండదా?

సంపాదకులకు నమస్కారం.

నగర కౌన్సిల్ సభ్యుల పనిని మనం రోడ్లు, దీపాలు, చెత్తతో కొలుస్తాం. పలు భాషలవారు కలిసి బతికే పేటలో ఆ కొలత చాలదు. లాస్ ఏంజెలెస్ కౌన్సిల్లో సభ్యులు 15 మందే. అంటే ఒక్కొక్కరికి రెండున్నర లక్షల పైచిలుకు జనం! అంతకంటే చిన్నదైన షికాగోలో 50 మంది ఉన్నారు. అంత జనంలో ముందు వినబడేది సొంతిల్లు, తీరిక, ఇంగ్లిషు ఉన్నవారి గొంతే. రాత్రి షిఫ్టుకు వెళ్లే అద్దె ఇంటి మనిషి సాయంత్రం సమావేశానికి ఎలా వస్తాడు?

అమెరికాలో 1975 నాటి ఓటు హక్కు చట్ట సవరణ ప్రకారం, కొన్ని భాషలవారు తగినంత సంఖ్యలో ఉన్నచోట ఓటు పత్రాలు వారి భాషలోనూ ఇవ్వాలి. (అన్ని భాషలకూ కాదు లెండి.) వీధిలో కొత్త భవనానికి అనుమతిచ్చే ముందు వేసే నోటీసుకు ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు? దుబాసీని పెట్టించడం, సమావేశాన్ని సెలవు రోజుకు మార్చడం సభ్యుడు తలుచుకుంటే అయ్యే పనులే. వాటికి ప్రారంభోత్సవాలు ఉండవు కనుక రుచించవేమో!

మీ విలేకరి ఈసారి కౌన్సిల్ సమావేశానికి వెళ్తే, అక్కడ దుబాసీ ఉన్నారో లేదో ఒక్క వాక్యం రాయమనండి.

- ఒక పాఠకురాలు