సముద్రం కింద నుంచి దాటించిన అమ్మాయికి కృతజ్ఞతలు

ఇస్తాంబుల్‌లో పడవలు ఆగిపోయిన సాయంత్రం నన్ను ఆసియా ఒడ్డు నుంచి యూరప్ ఒడ్డుకు చేర్చిన కాలేజీ అమ్మాయికి, రేవు పక్క టీ కొట్టు పెద్దాయనకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ హడావుడిలో పేర్లు అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

నెలల తరబడి తిరుగుతున్నా ప్రతి కొత్త ఊళ్లో మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే. రైళ్లకు, పడవలకు వాడే కార్డు ఎక్కడ కొనాలి, గేటు దగ్గర ఎక్కడ తాకించాలి, ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడాలి, అన్నీ కొత్తే.

పొద్దున బాగానే గడిచింది. క్రీ.శ. 537లో పూర్తయిన ప్రాచీన కట్టడం హయా సోఫియా చూసి, దాని దగ్గర్లోనే 336 స్తంభాలతో భూమి కింద ఉన్న పాతకాలపు నీటి నిల్వలోకి దిగాను. అక్కడ రెండు స్తంభాల కింద, గ్రీకు పురాణాల్లో పాముల జుట్టుండే మెడూసా రాతి తలలున్నాయి. ఒకటి తలకిందులుగా, ఇంకోటి పక్కకు తిరిగి. ఎందుకలా పెట్టారో తలా ఒక కథ చెబుతారు. ఎత్తు సరిపోవడానికి మేస్త్రీలు అలా పెట్టేసి ఉంటారని నా అనుమానం! మధ్యాహ్నం ఎమినోను రేవులో పడవెక్కితే ఇరవై నిమిషాల్లో ఆసియా ఒడ్డున కాదికోయ్. ఖండం మారిపోయింది. చేపల బజారు, మోదా సముద్రతీరం, కాళ్లు లాగేదాకా నడక.

సాయంత్రానికి లోదోస్ మొదలైంది. నైరుతి నుంచి వీచే గాలి ఇది, చలికాలంలో ఎక్కువ. మర్మరా సముద్రాన్ని లేపి రేవుల మీదకు విసురుతుంది. లోదోస్ వీస్తే తలనొప్పి వస్తుందని అక్కడివాళ్లు అంటారు. నాకు మాత్రం టెన్షన్ వచ్చింది. రేవులో బోర్డు మీద ఒక్కో సర్వీసూ రద్దవుతోంది. ఫోన్‌లో డేటా ఆగిపోయింది, ఛార్జింగ్ అడుగంటింది. గదేమో అవతలి ఒడ్డున, సిర్కెజి దగ్గర.

నా మొహం చూసే కాబోలు, టీ కొట్టు పెద్దాయన చెయ్యూపి పిలిచి కూర్చోబెట్టారు. నడుము సన్నగా ఉండే ఆ చిన్న గ్లాసులో టీ పోసి, తన ఛార్జర్ తీసి నా ఫోన్‌కి పెట్టారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, నాకు టర్కిష్ రాదు. పక్క బల్ల దగ్గరున్న అమ్మాయిని కేకేసి నా సంగతి ఆమెకు అప్పగించారు.

బస్సెక్కితే వంతెన మీద ట్రాఫిక్‌లోనే రాత్రవుతుందని చెప్పి, "సముద్రం కింద నుంచి పోదాం, నేనూ అటే" అంది. కాదికోయ్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, అక్కడ సముద్రం కింద సొరంగంలో వెళ్లే మర్మరాయ్ రైలు. ఊరంతా అదే ఆలోచనతో ఉన్నట్టుంది, కాలు పెట్టే సందు లేదు. నా నలిగిన నోటును మెషీన్ మింగనంటే, తన నోటు ఇచ్చి మార్చుకుని, నా కార్డు నింపింది.

హిస్టరీ చదువుతోందట. ఈ సొరంగం 2013 అక్టోబర్ 29న, టర్కీ రిపబ్లిక్‌కు తొంభై ఏళ్లు నిండిన రోజున మొదలైంది గానీ అంతకు చాలా ముందే రావాల్సిందని, యూరప్ ఒడ్డున యెనికాపి దగ్గర తవ్వుతుంటే బైజాంటిన్ కాలపు రేవు, 37 పాత ఓడలు బయటపడి పని ఏళ్ల తరబడి వెనకబడిందని ఆ తోపులాటలోనే చెప్పింది. పైన అలలు కొడుతున్న సంగతే మర్చిపోయాను.

సిర్కెజిలో నాతోపాటు దిగింది. మర్మరాయ్ గేటు దగ్గర ముందు పూర్తి ఛార్జీ పడుతుంది, దిగాక వాపసు మెషీన్‌కి కార్డు తాకిస్తే ప్రయాణించని దూరానికి డబ్బు తిరిగొస్తుంది. కొత్తగా వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఎవరూ పిలిచి చెప్పరు. ఆ మెషీన్ చూపించాక అసలు సంగతి బయటపడింది. ఆమె దిగాల్సింది సముద్రం దాటక ముందే వచ్చే ఉస్కుదార్ స్టేషన్‌లోనట! టీ అయినా తాగి వెళ్లమంటే, ఇంట్లో ఎదురుచూస్తుంటారని వెనక్కి వెళ్లే రైలుకి పరిగెత్తింది.

గాలి తగ్గాక మళ్లీ పడవలో కాదికోయ్ వెళ్లాను. పెద్దాయనకు రెండు టీల డబ్బు ఇవ్వబోతే ఒక్కదానికే తీసుకున్నారు. ఆ అమ్మాయి కనిపిస్తే నా థాంక్స్ చెప్పమని చేతి సైగలతో అడిగాను. ఎంత అర్థమైందో గానీ, తలూపి నవ్వారు.