‘ఉంది’ అన్న మాటకు పూచీ ఎవరిది? కమ్యూనికేషన్ల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రివర్యులకు,

విజయనగరం నుంచి ఒక బ్రాడ్‌బ్యాండ్ చందాదారుడు నమస్కరించి వ్రాయునది.

ఇది నేను తమకు రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండూ స్పీడ్ పోస్టులో పంపాను. అవి చేరినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి, జవాబులు మాత్రం లేవు. తమకు వచ్చే వేల ఉత్తరాల మధ్య ఒక అద్దెకాపురంవాడి ఉత్తరం అడుగున పడి ఉంటుందని సరిపెట్టుకున్నాను. మూడోసారి పదిమందీ చదివేటట్టు రాస్తే వారిలో ఎవరో ఒకరు తమ చెవిన వేయకపోతారా అనే ఆశతో దీనిని బహిరంగంగా రాస్తున్నాను.

విషయం చిన్నది. మేము ఇల్లు మారాము. తోటపాలెంలో పదకొండేళ్ళు అద్దెకున్న ఇంటిని యజమాని అమ్ముకోవడంతో, గాజులరేగ వైపు కొత్తగా వెలిసిన లేఅవుట్‌లో ఒక మేడ మీది వాటా చూసుకున్నాము. ఆషాఢం వస్తే కదలకూడదని మా ఆవిడ పట్టుబట్టడంతో వైశాఖంలోనే, మే 14న, పాలు పొంగించాము. మంచాలు, బీరువా, గ్యాసు బండ, తులసి కుండీ, మా అమ్మ నాటి కుట్టుమిషను, అన్నీ ఒక్క పూటలో రెండు ట్రిప్పులలో వచ్చేశాయి. రానిది ఇంటర్నెట్ కనెక్షను ఒక్కటే. ఈ ఉత్తరం రాస్తున్న నాటికి ఎనభై మూడు రోజులయింది.

ముందుచూపు లేక అవస్థ తెచ్చుకున్నానని తమరు అనుకోవచ్చు కనుక ఆ సంగతి ముందే చెబుతాను. ఇల్లు చూసిన రోజునే, అడ్వాన్సు ఇవ్వకముందే, యజమానిని రెండు విషయాలు అడిగాను. నీళ్ళు ఎలా వస్తాయి, ఇంటర్నెట్ ఎలా వస్తుంది? నీళ్ళ మాట అడగగానే ఆయన మోటారు వేసి, కుళాయి తిప్పి చూపించారు. ఇంటర్నెట్ సంగతి మాత్రం కంపెనీని కనుక్కోమన్నారు. ఏప్రిల్ 6న మా కంపెనీ యాప్‌లో కొత్త చిరునామా నింపాను. వీధి పేరు, ఇంటి నంబరు, గుర్తుగా ఉన్న రామాలయం, అన్నీ రాయించుకున్న ఆ యాప్ చివరకు చూసింది పిన్‌కోడ్ ఒక్కటే. పిన్‌కోడ్ వేయగానే ఆకుపచ్చ రంగులో ఒక టిక్కు పడి, ‘మీ ప్రాంతంలో మా సేవ అందుబాటులో ఉంది’ అని వచ్చింది. తపాలా శాఖ కూడా తమ మంత్రిత్వ శాఖలోనిదే కనుక తమకు వేరే చెప్పనక్కరలేదు. 1972 ఆగస్టు 15న ఉత్తరాల బట్వాడా సులువు కావడానికి పెట్టిన ఆరంకెల గుర్తు అది. ఒక పిన్‌కోడ్ కింద ఎన్ని పేటలు, ఎన్ని వీధులు, ఎన్ని పొలాలు ఉంటాయో ఏ పోస్టుమ్యాన్‌ను అడిగినా చెబుతాడు. దానిని చూసి మా వీధి చివరి స్తంభం దాకా ఫైబర్ తీగ ఉన్నదీ లేనిదీ తేల్చడం, విజయనగరం స్టేషనులో రైలు ఆగుతుంది కనుక మా గుమ్మం ముందు కూడా ఆగుతుందని చెప్పినట్టుంది.

అయినా యాప్‌ను నమ్మి ఊరుకోలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ‘ఫీజిబిలిటీ ఉంది సార్, మీరు షిఫ్ట్ అయిన మూడు రోజులలో మార్చేస్తారు’ అని ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. కాగితం మీద ఇవ్వమ్మా అని అడిగితే, మెసేజ్ వస్తుందంది. వచ్చిన మెసేజ్‌లో ఆ మాట లేదు, షిఫ్టింగ్ చార్జీ కింద జీఎస్టీతో కలిపి 590 రూపాయలు కట్టమని మాత్రం ఉంది. అదే రోజు కట్టాను. ఆ మాట నమ్మి, మరునాడే ఇంటి అడ్వాన్సు కూడా ఇచ్చాను. తమరు ఈ ఉత్తరంలో ఒక్క ముక్కే చదువుతారనుకుంటే, దయచేసి ఆ రెండు చెల్లింపుల మధ్య ఉన్న సంబంధాన్ని చదవండి. లేదని ముందే చెప్పి ఉంటే మేము వేరే ఇల్లు వెతుక్కునేవాళ్ళం. ఊళ్ళో ఇళ్ళకు కరువు లేదు.

దిగిన నాలుగో రోజున లైన్ చూసే కుర్రవాడు వచ్చాడు. వీధి మొదట ఉన్న స్తంభం ఎక్కి, అక్కడి డబ్బా తెరిచి చూసి, దిగివచ్చి మజ్జిగ తాగి, ‘బాక్సులో పోర్టు ఖాళీ నేదండి బాబూ, ఎనిమిదీ నిండిపోనాయి. పెద్దలికి సెప్తాను’ అన్నాడు. ఆ కుర్రవాడి మీద నాకు ఏ కోపమూ లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజం చెప్పినవాడు అతనొక్కడే. ఒక ఫైబర్ పోగులోని వెలుగును స్ప్లిట్టర్‌తో ఎనిమిది ఇళ్ళకో, పదహారు ఇళ్ళకో పంచుతారనీ, ఆ పంపకం నిండిపోతే మరో డబ్బా పెట్టి మెయిన్ నుంచి మరో పోగు లాగాలనీ, నాలాంటి ఒకటి రెండు ఇళ్ళ కోసం కంపెనీ అంత ఖర్చు పెట్టదనీ అతనే వివరంగా చెప్పాడు. ఏ డబ్బాలో ఎన్ని పోర్టులు ఖాళీగా ఉన్నాయో ఆఫీసు కంప్యూటరులో కనబడుతుందని కూడా చెప్పాడు. మరి కనబడుతున్నప్పుడు ఏప్రిల్ 6న నాకు టిక్కు పెట్టి చూపించినది ఏమిటో అర్థం కాలేదు.

ఆ తర్వాతి ఇరవై రెండు రోజులు మా ఫిర్యాదు మూడుసార్లు ‘పరిష్కరించబడింది’. మూడుసార్లూ మా ఇంటికి ఎవరూ రాలేదు. మూడోసారి, మీరు మా సేవతో ఎంత సంతృప్తి చెందారో ఒకటి నుంచి ఐదులోపు నంబరు నొక్కండి అని ఫోన్ వచ్చింది. అంతకంటే తక్కువ నంబరు లేనందున ఒకటి నొక్కాను. జూన్ 9న అసలు జవాబు వచ్చింది: ‘సాంకేతికంగా సాధ్యం కానందున మీ అభ్యర్థన ముగించబడింది.’ అభ్యర్థన ముగిసింది సరే, జనవరిలో నేను ఏడాదికి సరిపడా ముందే కట్టిన 11,314 రూపాయల మాటేమిటని అడిగాను. వార్షిక ప్లాను సొమ్ము వెనక్కి ఇవ్వబడదనీ, కావాలంటే గడువు ముగిసేదాకా పాత చిరునామాలోనే సేవను వాడుకోవచ్చుననీ చెప్పారు. పాత ఇల్లు కొనుక్కున్నవారు ఇప్పుడు దానిని పడగొట్టిస్తున్నారు. సగం కూలిన ఆ గోడకు మా తీగ ఇంకా చుట్టచుట్టి వేలాడుతోంది. ఇటుకల మధ్య కూర్చుని వాడుకోమని వారి ఉద్దేశం కాబోలు.

వేరే కంపెనీ చూసుకోవచ్చు కదా అనే ప్రశ్న తమకు రావడం సహజం. చూశాను. రెండో కంపెనీ యాప్‌లో కూడా అదే ఆకుపచ్చ టిక్కు వచ్చింది, వారు కూడా ముందు డబ్బు కట్టమన్నారు, స్తంభం దగ్గరకు వచ్చి చూశాకే కడతానంటే మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. మా వీధిలో కేబుల్ టీవీ వైరుతో పాటు నెట్ ఇచ్చే ఆయన ఒకరున్నారు. ఆరు నెలల సొమ్ము ముందే ఇవ్వాలన్నారు, రసీదు అడిగితే ‘మన వీధిలో రసీదులేటండి’ అని నవ్వారు. వాన చినుకు పడితే ఆయన నెట్ పోతుందని మా కింది వాటావారు చెప్పారు. ఇక తీగతో పని లేకుండా టవరు నుంచి సిగ్నలు పట్టుకునే 5జీ పెట్టె ఒకటి పెట్టించాను. పగలు బాగానే ఉంటుంది. చీకటి పడి వీధివీధంతా ఫోన్లు పట్టుకున్నాక అది నీరసిస్తుంది. మా అమ్మాయి పని మొదలయ్యేది సరిగ్గా ఆ వేళకే.

మా అమ్మాయి హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచి రాత్రిపూట పని చేస్తుంది. విదేశాల ఆసుపత్రుల బీమా క్లెయిములు చూసే పని. పిల్లవాడికి నాలుగేళ్ళు, అల్లుడు గల్ఫులో ఉంటాడు. వాళ్ళ కంపెనీవారికి తీగ కనెక్షను తప్పనిసరి. మాట్లాడుతుండగా రెండుసార్లు లైను తెగితే ఆ రాత్రిని సెలవు కింద రాసుకుంటారు. జూన్‌లో ఆమెకు అలా ఆరు రాత్రులు పోయాయి. అందుకని ఇప్పుడు తోటపాలెంలో మా పాత పొరుగింటివారిని బతిమాలుకుని, వారి ముందుగదిలో ఒక మూల కుర్చీ వేయించుకున్నాము. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు నేను స్కూటరు మీద దింపి వస్తాను, తెల్లవారి అయిదున్నరకు వెళ్ళి తీసుకువస్తాను. నాకు అరవై ఆరేళ్ళు, ఎడమకంటికి శుక్లం ఆపరేషను అయింది. వానలో ఎదురుగా లారీ దీపాలు పడితే రోడ్డు కనిపించదు. పొరుగింటావిడ బంగారం లాంటి మనిషి, ఒక్క మాట అనలేదు. కానీ కిందటి వారం వారింటికి చుట్టాలు వస్తే మా అమ్మాయి వంటగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పోపులడబ్బాల పక్కన కూర్చుని తెల్లవార్లూ పని చేసింది. పిల్లవాడు అర్ధరాత్రి లేచి అమ్మ ఏదని ఏడుస్తాడు. నెట్ దగ్గరకు వెళ్ళిందిరా అని వాళ్ళ అమ్మమ్మ చెబుతుంది. ఎవరైనా ఎక్కడికి వెళ్ళారని అడిగితే ఇప్పుడు వాడు కూడా ‘నెట్ దగ్గరికి’ అంటున్నాడు.

నిబంధనల సంగతి తమకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా చదువుకున్నాను కనుక చెబుతాను. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ సేవా ప్రమాణాలలో, డబ్బు కట్టించుకుని పదిహేను పనిదినాలలో కనెక్షను ఇవ్వకపోతే రోజుకు 10 రూపాయల చొప్పున వినియోగదారుడికి జమ చేయాలని ఉండేది. పది రూపాయలే అయినా ఆలస్యానికి ఒక వెల ఉన్నదని ఒప్పుకున్నందుకు సంతోషించాను. కానీ ఆ వాక్యం పక్కనే ‘సాంకేతికంగా సాధ్యమైతే’ అనే మరో మాట ఉండేది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త ప్రమాణాలు వచ్చాయి. నాకు కంపెనీ పంపిన జవాబులో ఇప్పటికీ ఉన్నది ఆ పాత మాటే. సాధ్యమో కాదో తేల్చేది కంపెనీ. తేల్చకముందే డబ్బు తీసుకునేది కంపెనీ. తేల్చింది తప్పయితే నష్టం మాత్రం నాది.

అప్పీలు చేసుకోవచ్చన్నారు. 2012 నాటి ఫిర్యాదుల నిబంధనల ప్రకారం కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి జూన్ 20న పెట్టుకున్నాను. 39 రోజులలో తేల్చాలి. ఆ గడువు జులై 29న ముగిసింది, అప్పీలు మాత్రం ముగియలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు రాద్దామంటే, వ్యక్తుల ఫిర్యాదులను అది విడిగా విచారించదు, చట్టమే అలా ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చునని 2022లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. అక్కడికే వెళతాను. అయితే నేను అడుగుతున్నది ఎనిమిది నెలల ప్లాను సొమ్ము, ఒక 590 రూపాయలు. వాయిదా ఉన్న రోజున కోర్టు వరండాలో నిద్ర ముఖంతో నిలబడవలసింది తెల్లవారి స్కూటరు నడిపి వచ్చిన నేనే.

సెల్‌ఫోన్ నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతటా 2011 జనవరిలోనే వచ్చింది. నంబరు ఆకాశంలో ఉంటుంది, తీగ నేల మీద ఉంటుంది, ఆ తేడా నాకు తెలియనిది కాదు. అయితే మా ఊళ్ళో ఏటా దసరా వెళ్ళిన మంగళవారం నాడు పైడితల్లమ్మ జాతరలో పొడవాటి చెట్టుమాను, సిరిమాను, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా, లక్షల జనం మధ్యలో, మూడుసార్లు వెళ్ళి వస్తుంది. అంత మానునే కదిలించగలిగిన ఊళ్ళో, వెంట్రుక మందం ఫైబర్ పోగు తోటపాలెం నుంచి గాజులరేగ రాలేకపోయింది. పల్లెలకు ఇంటర్నెట్ అందించే భారత్‌నెట్ పథకాన్ని సవరించి, దానికి 2023లో 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. పల్లెలకు ఫైబర్ వేయడాన్ని నేను తప్పుపట్టను, వేయవలసిందే. సెకనుకు 2 మెగాబిట్లు వస్తేనే దానిని బ్రాడ్‌బ్యాండ్ అనాలని అదే ఏడాది జనవరిలో తమ శాఖే గెజిట్‌లో ప్రకటించింది. సున్నా మెగాబిట్లు వచ్చేదానిని ఏమనాలో కూడా అందులో చెప్పి ఉంటే, కంపెనీకి నేను రాసే ఉత్తరాలలో ఆ మాటే వాడేవాడిని.

నేను కోరుతున్నది ఇది. ఇల్లు మారేవాడు అడిగినప్పుడు, పిన్‌కోడ్ చూసి కాక, ఆ ఇంటి ముందరి డబ్బాలో పోర్టు ఉన్నదో లేదో చూసి జవాబు చెప్పేటట్టు చేయండి. ఆ జవాబును మెసేజ్‌లోనైనా సరే రాసి ఇప్పించండి. ‘ఉంది’ అని రాసి ఇచ్చాక లేదని తేలితే, మిగిలిన నెలల సొమ్ము, షిఫ్టింగ్ చార్జీ ఏ అప్పీలూ లేకుండా వెనక్కి వచ్చేటట్టు చేయండి. స్తంభం చూడకముందే డబ్బు కట్టించుకోవడం ఆపించండి. ‘లేదు’ అని చెప్పినా ఫరవాలేదు, నిజంగా ఫరవాలేదు. మా అడ్వాన్సు మేము ఇంకో ఇంటికి ఇచ్చుకుంటాము. ముందు ఉందని చెప్పి, దిగాక లేదనడం మాత్రం ఆపించండి. ఇంతకు ముందు రెండు ఉత్తరాలలోనూ ఈ మాటే రాశాను. నాలుగోసారి కూడా ఇదే రాయవలసి వస్తుందేమోనని భయంగా ఉంది.

ఎనిమిది దాటింది. అమ్మాయి బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది, బయట ముసురు పట్టి ఉంది. దింపి వచ్చాక దీనిని శుభ్రంగా తిరగరాయాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక చందాదారుడు,
గాజులరేగ, విజయనగరం.
ఆగస్టు 5