నాన్నగారి షష్టిపూర్తి డిన్నరు అక్కడ పెట్టాలా వద్దా

ఒరేయ్ శీనూ,

నువ్వు రెండు ముక్కల్లో చెప్పమన్నావు గానీ ఇది రెండు ముక్కల్లో తేలే యవ్వారం కాదురా, అందుకే పిల్లలు పడుకున్నాక తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు, మీటింగ్‌లో ఫోను టేబుల్ కింద పెట్టుకుని కాదు.

నాన్నగారి షష్టిపూర్తికి పొద్దున్న హోమం, భోజనాలు అన్నీ వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే కానిచ్చేసి, రాత్రికి బాగా దగ్గరవాళ్లని మాత్రం భీమిలి రోడ్డులో ఆ బీచ్ రిసార్టుకి తీసుకెళ్దామని కదా నీ ప్లాను. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకడేమో స్వర్గం అని అయిదు స్టార్లు కొట్టాడు, ఇంకొకడు జన్మలో ఆ గడప తొక్కం అన్నాడు, ఇందులో ఎవడు డబ్బులు తీసుకుని రాశాడ్రా అని అడిగావు. నాకు తెలిసి ఎవడూ తీసుకోలేదు. ఇద్దరూ నిజమే రాశారు. అక్కడ వంట అందరికీ ఒకటే, కానీ అది నీ ముందుకి ఎలా వస్తుందనేది నువ్వు ఏ టేబుల్ దగ్గర కూర్చున్నావు, ఏ టైముకి వెళ్లావు, ఆ రోజు పక్క లాన్‌లో ఎవరిదైనా సంగీత్ ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఏసీ హాల్లో నడిచే హోటల్ కాదు కదా, గాలి, ఇసక, చీకటి అన్నీ కలిపి వడ్డిస్తారు.

మేం వెళ్లింది మే నెలలో, మా పెద్ద బామ్మర్ది పెళ్లిరోజుకి, పైగా శనివారం. గేటు దగ్గరే పెద్ద బోర్డు, 'సన్‌సెట్ డిన్నర్' అని. ఒరేయ్, మన సముద్రంలో సూర్యుడు పొడుస్తాడు గానీ గుంకుతాడా? ఆయన దిగేది మన వెనకాల కొండల్లోకి. సముద్రం కేసి తిరిగి కూర్చుంటే ఎదర నీళ్లు మెల్లగా బూడిద రంగుకి తిరగడం తప్ప ఇంకేం కనపడదు. గోవాలో పనిచేసొచ్చిన వాడెవడో అక్కడి కార్డు మీద ఊరు పేరు మార్చి అచ్చేయించినట్టున్నాడు. అదే పౌర్ణమికి 'మూన్‌రైజ్ డిన్నర్' అని పెట్టి ఉంటే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి, పౌర్ణమి నాడు ఇటు సూర్యుడు గుంకే వేళకే అటు నీళ్లలోంచి చంద్రుడు ఎర్రగా లేస్తాడు కదా, దానికి ఎంత తీసుకున్నా పర్లేదు.

సరే, మాది పెద్ద గుంపు, రెండు టేబుళ్లకి విడగొట్టారు. అత్తగారు, మామగారు, వాళ్ల వైపు పెద్దవాళ్లు వంటింటికి దగ్గర్లో తాటాకు పందిరి కింద, మేం కుర్రకారంతా (నలభై దాటిన కుర్రకారు, నవ్వకు) చివర్న రెయిలింగ్ పక్కన. రెయిలింగ్ టేబుళ్లకి విడిగా డబ్బులు కూడా గుంజారు. తీరా చూస్తే వేడివేడిగా తిన్నది పందిరి కింద వాళ్లు, గాలి తిన్నది మేము. ఎందుకంటే వంటిల్లు ఎక్కడో రోడ్డు వైపు ఉంది, సముద్రానికి ఆనుకుని పక్కా కట్టడాలు లేపడానికి రూల్స్ అడ్డొస్తాయి, అందుకని ఒడ్డు పక్కనంతా టెంట్లు, చెక్క బల్లలే. అక్కణ్ణుంచి కుర్రాడు ట్రే పట్టుకుని లాన్ దాటి, మెట్లు దిగి, ఇసకలో బూట్లతో అడుగులో అడుగేసుకుంటూ రావాలి. మాకు పడ్డ కుర్రాడిది బరంపురం, ఒడిశా అన్నమాటే గానీ తెలుగు మనకంటే ముద్దుగా మాట్లాడతాడు. పాపం ఒక చేత్తో ట్రే, ఇంకో చేత్తో నాన్‌ల మీద మూత ఎగిరిపోకుండా అదిమి పట్టుకుని వచ్చాడు. మూత తీసి, నేను రెండు ముక్కలు తుంచి మీ చెల్లెమ్మకి అందించేలోపు ఆ బటర్ నాన్ కాస్తా అట్టముక్కలా బిగుసుకుపోయింది.

బఫే ఇంకా కామెడీ. గిన్నెల కింద చిన్న డబ్బాల్లో మంట పెడతారు చూడు, అవి గాలికి ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయి. ఒకమ్మాయి లైటర్ పట్టుకుని ఈ చివర్నుంచి వెలిగించుకుంటూ వెళ్తుంది, ఆ చివరకి చేరేసరికి ఇక్కడ మొదటిది ఆరిపోయి ఉంటుంది, మళ్లీ వెనక్కి. మేం తిన్నంతసేపూ ఆ అమ్మాయికి అదే డ్యూటీ. దోశ కౌంటర్లో మంటంతా ఒక పక్కకే వాలిపోయి పెనం సగమే కాలుతోంది, ఆ వంటాయన ఒక్క మాట అనకుండా దోశని అట్లకాడతో గుండ్రంగా తిప్పుతూ అన్ని వైపులా ఎర్రగా కాల్చి ఇచ్చాడు, అలాంటి పనోణ్ణి నేను చూళ్లేదురా. పైన చినుకులకి టార్ప్ కట్టారు గానీ పెనం ముందు గాలికి అడ్డంగా ఒక రేకు ముక్క నిలబెట్టాలని ఎవడికీ తట్టలేదు! పనిచేసేవాళ్లు బంగారాలు, డబ్బు ఖర్చుపెట్టాల్సిన వాళ్లకే చెయ్యి రాదు, నాకు అర్థమైంది ఇదీ.

ఇక చేప. మెనూలో 'క్యాచ్ ఆఫ్ ద డే' అని కోనాం పెట్టాడు. మా చిన్న బామ్మర్ది హార్బర్లో బోట్లకి ఐసు సప్లై చేస్తాడు కదా, వాడి దగ్గరా ఈ వేషాలు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరం మొత్తం వేట నిషేధం, 61 రోజులు ఇంజను బోటన్నది కదలదు, తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చే చిన్నాచితకా తప్ప ఏమీ రాదు, మరి ఇంతేసి కోనాం ముక్కలు ఏ బోటెక్కి వచ్చాయి బాబూ అని అడిగాడు. బరంపురం కుర్రాడు లోపలికెళ్లి కనుక్కొచ్చి చెవిలో చెప్పాడు, 'ఫ్రోజెన్ సార్, రొయ్యలు తీసుకోండి, చెరువు రొయ్యలు, పొద్దున్నే వచ్చాయి' అని. అవి మాత్రం, ఒట్టు, నేనింత మంచి రొయ్యల వేపుడు బయటెక్కడా తినలేదు. కరివేపాకు, పచ్చిమిర్చి, చివర్లో కాస్త ధనియాల పొడి, అంతే, మసాలా దంచి కొట్టలేదు. వేపుడు కాబట్టి చల్లారినా చెడలేదు, నాన్ తో చూసుకుంటే అదొక లాభం. ఆ ప్లేటు గురించి అయిదు స్టార్లు ఇచ్చినవాడు కరెక్టే.

ఇప్పుడు చూడు, అదే రాత్రి మా వాళ్లలోనే ఎన్ని రివ్యూలో. మీ చెల్లెమ్మకి పిచ్చిపిచ్చిగా నచ్చింది, ఎందుకంటే పిల్లలు ఇసకలో పరుగులు పెడుతుంటే అన్నం తినండ్రా అని వెంటపడే పని లేకుండా హాయిగా కూర్చుంది. మామగారు వేడి పప్పుచారు దొరికిందని ఖుషీ. అత్తగారు మాత్రం ఇంక ఆ ఊసెత్తితే ఒప్పుకోదు. మోకాళ్లు నొప్పులు కదా, వాష్‌రూమ్ అక్కడెక్కడో మెయిన్ బిల్డింగ్‌లో ఉంది, బగ్గీ వస్తుందన్నారు, అది వచ్చేసరికి ఆవిడ చీకట్లో కోడలి చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లి వచ్చేసింది. కుర్చీ కాళ్లు ఇసకలో దిగబడి లేవలేకపోయింది. బామ్మర్దికి డీజే మీద కోపం, పక్క లాన్‌లో ఎవరిదో ఫంక్షను, పదిన్నర దాకా మా టేబుల్ మీద మాట మాకే వినపడలేదు. మా ఆఫీసులో ఒకాయన అయితే జనవరిలో మంగళవారం వెళ్లొచ్చి ఇప్పటికీ ఆ భోజనం గురించే చెప్తాడు, జనం లేరు, చలి చలిగా ఉంది, షెఫ్ స్వయంగా వచ్చి పీతలు చూపించి ఇగురు చేయించాడట. ఇంకో మేడం తొలకరి వాన పడ్డ మర్నాడు వెళ్లారు, లైట్ల చుట్టూ ఉసిళ్లు, సూపులో ఉసిళ్లు, ఆవిడ ఒక్క స్టారు ఇస్తే తప్పేముంది చెప్పు.

నాకు నిజంగా మండింది బిల్లు దగ్గర. జీఎస్టీ 18 శాతం, దానికి ఏం అనలేం, గది అద్దె రోజుకి 7500 దాటిన హోటళ్లలో తిండికీ అంతే, బయట మామూలు రెస్టారెంట్లలో అయితే 5. కానీ పైన ఇంకో పది శాతం సర్వీస్ చార్జి అని వేశాడు. 2022లోనే సీసీపీఏ, అదే వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ వాళ్లు, అది బిల్లులో హోటలోళ్లు తమంతట తామే వేసెయ్యకూడదని చెప్పారు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే సమర్థించింది. బామ్మర్ది ఫోన్లో తీసి చూపించి, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కొట్టమంటావా అంటే అప్పుడు నవ్వుతూ తీసేశారు. అడక్కపోతే కట్టించుకునేవాళ్లే కదా. ఆ పది శాతం కంటే తక్కువే అయినా మేం బరంపురం కుర్రాడి చేతిలోనే పెట్టాం. చల్లారిన తిండి గురించి మేనేజర్ని అడిగితే 'ఓపెన్ ఎయిర్ కదా సార్' అన్నాడు. రేటు పెంచేటప్పుడూ ఓపెన్ ఎయిరే, తప్పించుకునేటప్పుడూ ఓపెన్ ఎయిరే!

సరే నీ సంగతికొద్దాం. మీది కార్తీకమాసం కాబట్టి అమ్మగారు ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టుకోరు, అది ముందే రాతపూర్వకంగా మెయిల్ పెట్టి ఒప్పించాలి, అప్పటికప్పుడు చెప్తే పెరుగన్నం తెచ్చి పెడతారు. పూజ తేదీ నక్షత్రాన్ని బట్టి, దాన్ని కదపలేం, డిన్నరు ఆ రాత్రే అవ్వాలని ఎవడన్నాడు, రెండు రోజులు అటో ఇటో జరిపి కార్తీక పౌర్ణమికి పెట్టు, కాకపోతే అది వారాంతంలో పడితే మానెయ్. అయిదు లోపలే చేరిపోవాలి, చంద్రుణ్ణి చూస్తూ టీ తాగి, స్నాక్స్ అవీ రెయిలింగ్ దగ్గర కానిచ్చి, భోజనానికి మాత్రం అందరూ పందిరి కిందికి వచ్చెయ్యాలి. వాళ్లు రెయిలింగ్ టేబుల్ అమ్మడానికి చూస్తారు, ఒప్పుకోకు. బఫే వద్దు, ముందే చెప్పి ప్లేట్ల మీద వేడిగా తెప్పించుకో. నాన్నగారి వైపు మోకాళ్ల బ్యాచ్ ఎంతమంది ఉన్నారో లెక్కేసి బగ్గీ మన పక్కనే ఉంచమని అడుగు. ఆ రోజు లాన్ బుకింగ్ ఉందో లేదో అడిగాకే అడ్వాన్స్ కట్టు.

ఒక్కటే భయం, అవి మనకి తుఫాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరేమైందో మర్చిపోయావా. వాన పడితే లోపల హాలు ఇస్తారా, అందులో మనవాళ్లంతా పడతారా అన్నది మేనేజర్ చేత మెయిల్లో రాయించుకో, నోటి మాట వద్దు. ఇవ్వనంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, ఇంటి మేడ మీదే షామియానా వేయిద్దాం, వంటవాళ్లని నేను మాట్లాడతా.

తేదీ తేల్చి రెండ్రోజుల్లో చెప్పు, నేను సాయంత్రం అటు వెళ్లి బరంపురం కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడేమో కూడా చూసొస్తా. నాన్నగారికీ అమ్మగారికీ నమస్కారాలు చెప్పు, చెల్లెమ్మని అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు ఆ కరాచీ బిస్కెట్లు రెండు డబ్బాలు పట్రా, ఫ్రూట్‌వి.

నీ
రమేష్‌గాడు