ట్రెక్కింగ్ గ్రూపు తొలి ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతులు, సీసీ కెమెరాలు, మెయింటెనెన్స్ లెక్కలు కోశాధికారిగారి నివేదికలో ఉన్నాయి. ఇది నిరుడు జనరల్ బాడీలో మీరంతా సరేనంటే మొదలైన ట్రెక్కింగ్ గ్రూపు సంగతి. చేరినవాళ్లు 22 మంది. కొండ ఎక్కిన అనుభవం అంటే చాలామందికి తిరుమల మెట్లే, కొందరికి అదీ లేదు.

మొదట భువనగిరి కోటకు వెళ్లాం. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఆ గుట్ట మీదే అని తెలిసి పిల్లలు రాత్రంతా నిద్రపోలేదు. కానీ ఆ రోజు పొరపాటు జరిగింది, బాధ్యత నాదే. ఐదింటికి బయలుదేరాల్సినవాళ్లం ఒకరి కోసం ఒకరు ఆగి ఏడున్నర చేశాం. దారిలో టిఫిన్లు అయ్యి మెట్ల దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఫిబ్రవరి చివరి వారమే అయినా బండ అప్పటికే వేడెక్కింది. సగం దూరం ఎక్కాక ఒక ఆంటీకి కళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచి ఒక్క కాఫీ తప్ప ఏమీ తాగలేదట. పైన బాత్రూం ఉండదేమోనని భయపడి నీళ్లు మానేశారు. గోడ నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, తడి తువ్వాలుతో మెడ, చేతులు తుడిచాం. తేరుకున్నాక ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించాం. అందరం అక్కణ్నుంచే వెనక్కి దిగేశాం. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు గానీ, ఏడాది మొత్తంలో మేం తీసుకున్న మంచి నిర్ణయం అదేనని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత ఐదింటికి రానివాళ్ల కోసం బస్సు ఆగలేదు. మనిషికి 2 లీటర్ల నీళ్లు తప్పనిసరి చేశాం. దారిలో బాత్రూం ఎక్కడుందో ముందే కనుక్కుని వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. ఇది చిన్న విషయం కాదు, దీనివల్లే ఆడవాళ్లు ధైర్యంగా రావడం మొదలుపెట్టారు.

వానాకాలంలో కొండలు మానేసి పార్కులోనే క్లాసులు పెట్టుకున్నాం. మన కాలనీ డాక్టరుగారు పాముకాటు గురించి చెబుతుంటే ఏడో తరగతి పిల్లాడు లేచి, "అంకుల్, మా తాతయ్య కాటు పైన తాడు గట్టిగా బిగించాలన్నారు" అన్నాడు. "తాతయ్యగారి రోజుల్లో అలాగే చేసేవాళ్లమ్మా, ఇప్పుడు వద్దంటున్నాం. రక్తం ఆగి కాలే పోవచ్చు" అన్నారాయన. కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాలు విరిగినప్పుడు కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే మందు పనిచేస్తుంది కాబట్టి పామును పట్టి తీసుకెళ్లక్కర్లేదు.

నడిపించకూడదు సరే, మోయడం ఎలా? రెండు వెదురు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచర్ కట్టి నన్నే పడుకోబెట్టారు. పార్కు నుంచి గేటు వరకు మోసేలోపు నలుగురు కుర్రాళ్లు రెండుసార్లు భుజం మార్చుకున్నారు. చదునైన సిమెంటు రోడ్డు మీదే అలా ఉంటే, అడవి దారిలో ఎన్ని గంటలు పడుతుందో అందరికీ అర్థమైంది. అందుకే ఆరుగురికి తక్కువైతే అడవిలోకి వెళ్లం.

నవంబరులో అటవీశాఖ అనుమతితో మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు వెళ్లాం. అక్కడ ఫోన్లు బ్యాగుల్లో పెట్టేసి దిక్కులు కనుక్కున్నాం. ఎండలో కర్ర పాతి, నీడ కొసన ఒక రాయి పెట్టాలి. పావుగంట ఆగి, జరిగిన నీడ కొసన ఇంకో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. ఆ పావుగంట కదలకుండా కూర్చోవడమే పిల్లలకు కష్టమైంది. దారి తప్పితే చేయాల్సిన మొదటి పనీ అదే: ఉన్నచోట ఆగడం, విజిల్ మూడుసార్లు ఊదడం, మళ్లీ ఆగి వినడం.

షూస్ గురించి ఒక్క మాట. కొత్తవి వేసుకుని నేరుగా కొండకు రావొద్దు. ముందు రెండు వారాలు కాలనీలోనే నడవండి.

ఫస్ట్ ఎయిడ్ కిట్టు, విజిళ్లు, తాడు సంఘం ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. తీసుకున్నవాళ్లు రిజిస్టర్‌లో రాయండి. వాడేసిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీలకు బదులు కొత్తవి కొని మళ్లీ అందులో పెట్టండి. భువనగిరికి ఈసారి జనవరిలోనే వెళ్తున్నాం. ఆంటీ ముందుగానే పేరిచ్చారు.