సోడాతో తగ్గిందనుకునే ఎద నొప్పి

సంపాదకులు గారికి నమస్కారములు.

మా ఆదోని ప్రాంతంలో ఎవరికైనా ఎదలో పట్టేసినట్టు ఉంటే ముందు వినిపించే మాట 'గ్యాస్' అన్నదే. కాసేపు కూర్చుని సోడా తాగి, మందుల షాపులో ఒక బిళ్ల అడిగి వేసుకుని, తగ్గగానే తిరిగి పనిలోకి దిగుతున్నారు. వీరిలో కొందరికి ఉన్నది యాంజైనా. గుండె కండరానికి రక్తం చేర్చే నాళాలు సన్నబడినందువల్ల, శ్రమ పెరిగినప్పుడు చాలినంత ప్రాణవాయువు అందక వచ్చే బాధ అది. కూర్చున్నందువల్ల తగ్గినదాన్ని సోడా వల్ల తగ్గిందని నమ్మడమే అసలు ప్రమాదం.

ఈ బాధ ఎక్కడ ఉందన్నదానికన్నా ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది చూడాలి. నడుస్తుండగా, అందులోనూ భోజనమైన వెంటనే ఎత్తు ఎక్కుతుండగా ఛాతీ పట్టేసి, నిలబడగానే తగ్గిపోయే ఈ లక్షణాన్ని విలియం హెబర్డెన్ అనే ఇంగ్లండు వైద్యుడు 1768లోనే వివరించాడు. తిన్న తర్వాత రావడం వల్లనే మనవాళ్లు నెపాన్ని తిండి మీదికి నెట్టేస్తున్నారు. మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీకి, మిద్దె మెట్లెక్కే పెద్దావిడకు అది నొప్పిగా కాక బరువుగానో మంటగానో తోచవచ్చు. ఎడమ చేతికి, దవడకు, వీపుకు, కడుపు పైభాగానికి పాకవచ్చు. షుగర్ ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో కొన్నిసార్లు ఆయాసం, అలసట తప్ప మరేమీ కనిపించదు.

నొప్పి లేని వేళ తీసిన ఈసీజీ బాగుందని చెప్పినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. శ్రమ చేసినప్పుడే బాధ వస్తోందని డాక్టరుకు విడమరచి చెప్పాలి. మునుపటికన్నా తక్కువ శ్రమకే వస్తున్నా, ఊరకే కూర్చున్నప్పుడు వచ్చినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. విశ్రాంతి తీసుకున్నా కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే, చెమటలు పోస్తే, బైకు మీద బయలుదేరకుండా 108కి ఫోన్ చేయాలి. కర్నూలు పెద్దాసుపత్రి మాకు దాదాపు 100 కిలోమీటర్ల దూరం. ఇంట్లో పోగొట్టుకున్న గంట దారిలో తిరిగి రాదు.

ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసే ఆరోగ్య సిబ్బంది 'నడిచేటప్పుడు ఎద బరువెక్కుతోందా, నిలబడితే తగ్గుతోందా' అని కూడా అడిగేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలని, మార్కెట్ యార్డులోనూ బస్టాండులోనూ మందుల షాపుల ముందూ ఈ లక్షణాలు తెలుగులో, కన్నడలో, ఉర్దూలో రాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు,
ఆదోని, కర్నూలు జిల్లా