నాకు అన్నం పెట్టిన సీసీ

అమ్మలూ,

నిన్న ఫోన్లో "మా ఆఫీసువాడొకడు నాకు రాసిన మెయిల్‌లో మేనేజర్‌ని సీసీ పెట్టాడు నాన్నా" అని నువ్వు గొంతు పూడుకుపోయి చెబుతుంటే, మీ అమ్మ ఆఫీసులో కెమెరా గొడవేదో అనుకుంది. తన తప్పేముంది? మన వీధిలో వేసింది సీసీ రోడ్డు, అంటే సిమెంటు కాంక్రీటు. మలుపులో ఉన్నది సీసీ కెమెరా, క్లోజ్‌డ్ సర్క్యూట్. మామయ్య కొట్టుకి బ్యాంకులో ఉన్నది సీసీ ఖాతా, క్యాష్ క్రెడిట్. నా పాత హీరో హోండా సీడీ హండ్రెడ్ పేరుకే వంద, ఇంజను 97.2 సీసీ. అది క్యూబిక్ సెంటీమీటరు, సరిగ్గా మిల్లీలీటరంతే. మందుచీటీ మీద మాత్రం సీసీ అని రాయొద్దంటారు. గజిబిజి రాతలో అది యూనిట్లకు రాసే 'యు'లా కనబడితే డోసు మారిపోతుంది.

నీ సీసీ వేరు. అది టైపిస్టుగా నాకు అన్నం పెట్టిన సీసీ, కార్బన్ కాపీ, అంటే ఒకరికి రాసినదాని నకలు ఇంకొకరికీ పంపడం. ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన 1806లోనే, రాసింది కింది కాగితం మీదికి దించే కార్బన్ కాగితానికి పేటెంటు తీసుకున్నా, టైపు మిషన్లు వచ్చాకే దాని దశ తిరిగింది. తెల్ల కాగితం, కార్బన్, పల్చటి కాగితం, మళ్లీ కార్బన్... నాలుగు కాపీలంటే మీటలు నొక్కితే చాలదు, గుద్దాలి. అయినా నాలుగోది మసకే. ఒక్క అక్షరం తప్పు పడితే రబ్బరుతో అన్నిటి మీదా చెరపాలి. చేరిన కొత్తలో కార్బన్ తిరగేసి పెట్టాను. పేజీ అంతా కొట్టి తీస్తే కాపీ తెల్లగా ఉంది, అసలు ఉత్తరం వీపు మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. హెడ్ క్లర్కుగారు దాన్ని సెక్షనంతా తిప్పి చూపించారు.

ఎవరికైనా గుట్టుగా పంపాలంటే పై కాగితం లాగేసి, కింది కాపీ మీద మాత్రమే వాళ్ల పేరు కొట్టేవాళ్లం. మీ మెయిళ్లలో బీసీసీ, బ్లైండ్ కార్బన్ కాపీ, అదే.

అంత చాకిరీ కాబట్టి ఊరికే ఎవరికీ కాపీ పెట్టేవాళ్లం కాదు, ఫైల్లో ఉండాల్సిన వాళ్లకే. ఇప్పుడు వేలు ఆనిస్తే పోతోంది, చాడీలకూ పనికొస్తోంది. మీవాడు చేసింది అదేనని నా అనుమానం. నువ్వు మాత్రం అందరికీ జవాబు కొట్టకు. మేనేజర్‌తో నేరుగా మాట్లాడు, తేదీలన్నీ నీ దగ్గరున్నాయిగా.

ఈ ఉత్తరం సున్నుండల డబ్బాలో పెడుతున్నాను. నూనె మరక అంటితే ఏమీ అనుకోకు.

మీ నాన్న

కాపీ: మీ అమ్మకు, సమాచార నిమిత్తం.