‘ఎవ్రీవన్ ఆఫ్ దెమ్’ కలిపి రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంగ్లీష్ గ్రామర్ అనగానే అందరూ టెన్సులు, ఆర్టికల్సు అంటూ వాటి మీదే పడతారు గానీ ఎనీవన్, ఎవ్రీవన్, నోబడీ లాంటి ఇండెఫినిట్ ప్రొనౌన్లు (ఫలానా మనిషని చెప్పని సర్వనామాలు) ఫర్, టు లాంటి ప్రిపొజిషన్ పక్కన చేరినప్పుడు వచ్చే తేడాలు ఎవరూ పట్టించుకోరు. మాట్లాడేటప్పుడు ఎలాగోలా నడిచిపోద్ది, రాతలో మాత్రం దొరికిపోతాం.

ముందు స్పేస్ గొడవ. ‘ఫర్ ఎవ్రీవన్’ అంటే కలిపి రాయాలి, కానీ వెనకాల ‘ఆఫ్’ వస్తే ‘ఫర్ ఎవ్రీ వన్ ఆఫ్ దెమ్’ అని విడగొట్టాలి, ‘ఎనీ వన్ ఆఫ్’ కూడా అంతే. ‘నో వన్’ అయితే ఎక్కడున్నా రెండు మాటలే, ఎందుకో మరి దాన్ని కలిపి రాసేవాళ్లూ ఉన్నారు. ‘వితవుట్ టెల్లింగ్ నోబడీ’ అనేది ఇంకోటి, వితవుట్‌లోనే లేదు అనే అర్థం ఉంది కదా, మళ్లీ నోబడీ ఎందుకు, ఎనీబడీ చాలు.

అసలు తికమక హూఎవర్ దగ్గర. ‘టు’ కనపడగానే దాని ఆబ్జెక్ట్ రూపం హూమెవర్ పెట్టేస్తే గొప్ప ఇంగ్లీష్ అనుకుంటారు, బాగా చదువుకున్నవాళ్లు కూడా! ‘గివ్ ఇట్ టు హూఎవర్ కమ్స్ ఫస్ట్’ అన్నదే కరెక్ట్, ఎందుకంటే ‘కమ్స్’ అనే వెర్బ్‌కి సబ్జెక్ట్ కావాలి, ఆ సబ్జెక్ట్ హూఎవరే, ‘టు’కి ఆబ్జెక్ట్ అయ్యేది ఆ ఒక్క మాట కాదు, ‘హూఎవర్ కమ్స్ ఫస్ట్’ అనే క్లాజ్ (సొంత వెర్బ్ ఉన్న వాక్య భాగం) మొత్తం. అదే ‘టు హూమెవర్ యు లైక్’ అంటే ఓకే, అక్కడ సబ్జెక్ట్‌గా ‘యు’ ఉంది, హూమెవర్ ‘లైక్’కి ఆబ్జెక్ట్ కాబట్టి.

మీ చదువుల పేజీలో ఇలాంటివి వారానికి ఒకటైనా వేయండి సార్, ఆన్సర్లతో సహా.

ఇట్లు,
మీ పాఠకుడు